గంగి కాన్పు

ఫిబ్రవరి 11

ఇది ఆయన మాత్రల వేళలు రాసుకోవడానికి కొన్న నోటుపుస్తకం. ముందు నాలుగు పేజీలూ అవే. ఈ పేజీ నుంచి మిగతావి కూడా రాసుకుంటాను. ఎవరికీ చూపించేది కాదు.

ఆయనకు పక్షవాతం వచ్చి పద్దెనిమిది రోజులు. కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనంలో లేవు. మాట పడిపోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుందని, తిరిగి చెప్పలేడని, మాట ముక్కలు ముక్కలుగా రావచ్చని కర్నూలు డాక్టర్లు అన్నారు. మొన్న ఎర్రగుంట్లకు, ఇంటికి తీసుకొచ్చాం. నేను కాలేజీకి సెలవు పెట్టాను. జువాలజీ మిగిలిన పాఠాలు ఎవరో ఒకరు చెప్పుకుంటారు.

ఈరోజు మొదటి మాట వచ్చింది. పొద్దున ముఖం తుడుస్తుంటే నా వైపు తదేకంగా చూసి, పెదవులు కూడదీసుకుని, "ఆలు" అన్నాడు. చేతిలో తువ్వాలు అట్లాగే ఉండిపోయింది. మళ్ళీ అన్నాడు. "ఆలు."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో నన్ను లక్ష్మీప్రియా అని పిలిచిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "ఇదో", "ఏమే", కోపమొస్తే "లెక్చరరమ్మా". భార్య అనే అర్థంలో సామెతల్లో తప్ప ఎవరూ వాడని ఆ పాతమాటను ఎక్కడ దాచుకున్నాడో, అన్ని మాటలూ పోయాక అదొక్కటి మిగిలింది.

ఫిబ్రవరి 12

ఈరోజు నాలుగుసార్లు అన్నాడు.

ఫిబ్రవరి 14

గంగి తిండి సరిగ్గా తినడంలేదని ఏసేపు వచ్చి చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా మా కుక్కల్ని చూసుకుంటున్నది ఏసేపే. ఆయన మంచాన పడ్డాక అడిగేవాళ్ళు లేక నా దగ్గరికి వచ్చాడు. ఇంటి వెనక కుక్కల దొడ్డిలోకి నేను అడుగుపెట్టి పద్నాలుగేళ్ళు. ఈరోజు వెళ్ళక తప్పలేదు.

పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు క్రిస్టినా చిన్న పిల్ల. ముప్పై కూడా ఉండవు. గంగికి కడుపులో పురుగులని మందిచ్చింది. తర్వాత కాసేపు దాని చుట్టూ తిరిగి చూసి, ఇది ఏ జాతి అని అడిగింది. ఇంగ్లీషు బుల్డాగ్ అనుకుందామంటే కాళ్ళు ఎత్తు, మూతి మరీ అంత లోపలికి లేదు, పైగా ఈ రంగు తాను ఎక్కడా చూడలేదంది. తడిసిన నాపరాయి రంగు.

కోడలిగా వచ్చిన రోజు నుంచి విన్న కథే. ఎంత వద్దనుకున్నా నోటికి వచ్చేసింది. నలభైల్లో ఈ చుట్టుపక్కల గనులు చూసిన ఒక దొర, దేశం విడిచిపోతూ తన బుల్డాగుల జతను మేస్త్రీ ఓబుళేశురెడ్డికి ఇచ్చి వెళ్ళాడు. ఆ మేస్త్రీ మా ఆయనకు తాత. ఆడది మొదటి ఎండాకాలమే వడదెబ్బకు చచ్చిపోయింది. మగదాన్ని ఒక గొర్రెలకాపరి కుక్కతో జత కట్టించాడు. ఆ పిల్లల్లోంచి ఏరి, మళ్ళీ ఏరి, పదిహేనేళ్ళకు ఒక జాతిని నిలబెట్టాడు. వెడల్పు రొమ్ము, ముడతల ముఖం, పట్టు పడితే వదలని దవడ. రాత్రిళ్ళు గనులకు కాపలా అవే. కూలీలు నాపరాతి కుక్కలన్నారు, అదే పేరు నిలిచిపోయింది. ఒకప్పుడు తాడిపత్రి నుంచి జమ్మలమడుగు దాకా గనులున్న ప్రతి ఇంట్లోనూ ఉండేవట. గనులకు కెమెరాలు వచ్చాయి, కుక్కలు పోయాయి. ఇప్పుడు లోకం మొత్తం మీద నాలుగు. గంగి, ముసలిదైన దాని తల్లి, దాని అన్నలు ఇద్దరు.

బయటి రక్తం ఎందుకు కలపలేదని క్రిస్టినా అడిగింది. తాత తన కొడుకు చేత అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు వేయించుకున్నాడు, జాతి కుదిరింది, ఇక బయటి కుక్క చేరకూడదని. ఆ కొడుకు మా ఆయన చేత వేయించుకున్నాడు. దాని మీద నేను అనాల్సింది పద్నాలుగేళ్ళ కిందటే అన్నాను.

ఆ రోజు క్లాసులో మెండల్ పాఠం చెప్పి వచ్చాను. భోజనాల దగ్గర ఆయనతో అన్నాను, మూడు తరాలు మేనరికాలు చేసుకున్న ఇళ్ళల్లో పిల్లలు ఎట్లా పుట్టారో కళ్ళారా చూశాం కదా, కుక్కలకైనా అంతే, మరో రక్తం చేరకపోతే ఈ జాతి మన కళ్ళముందే పోతుంది అని. కంచం ముందు నుంచి లేచాడు. "నీ పాఠాలు కాలేజీలో చెప్పుకో" అన్నాడు. అప్పటినుంచి నేను కుక్కల మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట గంగి ఐదు పిల్లల్ని ఈనింది. నాలుగింటికి అంగిలి చీలి ఉంది. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. వారం తిరక్కుండానే నాలుగూ పోయాయి. ఐదోది నలభై రోజులు బతికింది. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను గమనించనట్టే ఉన్నాను. అది రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 20

గంగి ఎదకు వచ్చింది.

"పది పన్నెండు దినాలే ఉండేది మనకు. భైరవుని కాడికి ఇడుస్తామామ్మా?" అని ఏసేపు అడిగాడు. భైరవుడు దాని అన్న. క్రిస్టినాను ఫోన్లో అడిగాను. గంగికి ఐదున్నరేళ్ళు, ఇదే ఆఖరి కాన్పు అనుకోండి, కానీ అన్నతో మాత్రం వద్దు, మళ్ళీ అవే పిల్లలు పుడతాయి అంది. మరి ఎవరితో? నాలుగే ఉన్నాయి కదా.

మా అబ్బాయి భూపేష్ కూర్చుని వింటున్నాడు. పాలిష్ ఫ్యాక్టరీ, నాన్న ఆసుపత్రి రెండూ వాడే మోస్తున్నాడు ఈ నెలంతా. "ఇంగ చాలిద్దాంలే అమ్మా. నాయన లేచి కూర్చుంటే అంతే చాలు మనకు" అన్నాడు. తప్పుగా ఏమీ అనలేదు.

మేము మాట్లాడుకుంటున్నది గదిలోకి వినిపించినట్టుంది. మంచం మీదినుంచి కేక. "ఆలు, ఆలు" అని ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతున్నాడు. పరుగెత్తాను. చెయ్యి పట్టుకుని ఇక్కడే ఉన్నాను కదా అన్నాను. చెయ్యి విదిలించుకున్నాడు.

నొప్పి పుట్టి ఉంటుంది.

ఫిబ్రవరి 22

ఆయన ఫోను ఆసుపత్రి సంచిలో అడుగున పడి ఉంటే భూపేష్ ఛార్జింగ్ పెట్టి ఇచ్చాడు. పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఒకే నంబరు నుంచి. "భీమక్క" అని ఉంది.

నేను చేశాను. ఆడమనిషి ఎత్తింది. నేను ఏమీ అనకముందే, "ఏమన్నా, నెలాయ. యాడుండావు?" అంది. నేను ఆయన భార్యనని చెప్పాను. వెంటనే ఫోను పెట్టేసింది.

ఫిబ్రవరి 23

గంగి సంగతి తేలేదాకా వేరే ఏదీ ఆలోచించకూడదని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి 24

నెలకు రెండు శనివారాలు. తొమ్మిదేళ్ళుగా. "కర్నూలు దిక్కు పనుంది" అని తెల్లవారుజామున కారు తీసేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఒకసారి గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు తెచ్చాడు, దారిలో కొన్నానన్నాడు. పల్చగా, చేత్తో తట్టినవి. అట్లాంటి రొట్టెలు దారిలో ఎవరూ అమ్మరని నాకు ఆ రోజే తెలుసు. ఇప్పుడు తెలిసినట్టు రాస్తున్నాను, అంతే.

ఏసేపును అడిగాను. రెడ్డి యాడికి పోయేది తనకు తెలియదన్నాడు. నిజమే చెప్పాడనిపించింది.

సాయంత్రం మళ్ళీ ఆ నంబరుకు చేశాను. ఈసారి ముందే చెప్పాను, ఆయనకు పక్షవాతం వచ్చింది, మాట లేదు, మీరెవరో ఎక్కడుంటారో అదొక్కటి చెప్పండి అని. అవతల ఆమె ఏడుపు అందుకుంది. కొంచెం తమాయించుకున్నాక ఊరిపేరు చెప్పింది. ఆలూరు దగ్గర పల్లె.

ఆలూరు.

నన్ను కాదు.

ఫిబ్రవరి 25

పొద్దున మాత్రలు వేశాక అడిగాను. "నువ్వు చెప్తాండేది ఆలూరేనా?"

కళ్ళు మూసుకున్నాడు. తల ఊపాడు. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇన్నాళ్ళకు ఒకరికి అర్థమైందన్న సంతోషమో, పట్టుబడినందుకో నాకు తెలియలేదు. తుడిచాను. తుడవడం నా పని కాబట్టి తుడిచాను.

ఇంటర్ ప్రాక్టికల్స్‌కు ఎగ్జామినర్‌గా వేశారు, ఒక రోజు వెళ్ళి రావాలి అని భూపేష్‌కు చెప్పాను. ఎండలో ప్రయాణానికి పల్చగా ఉంటుందని నీలం గద్వాల చీర తీసి పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 26

ఇది భీమక్క ఇంటి పంచలో, మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఇంకా పొద్దు వాలలేదు. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

రైల్లో గుంతకల్లు, అక్కడినుంచి బస్సులో ఆలూరు, ఆలూరునుంచి ఆటో. దారి పొడవునా ఆమెతో ఏం మాట్లాడాలో తయారు చేసుకున్నాను. మర్యాదగా, గొంతు పెంచకుండా. ఊరిబయట పప్పుశెనగ పీకిన చేల పక్కన ఒకే ఇల్లు, ముళ్ళకంచె వేసిన గొర్రెల దొడ్డి. ఆటో దిగి రెండడుగులు వేశానో లేదో ఒక కుక్క పరుగెత్తుకుంటూ వచ్చింది.

నాపరాయి రంగు. వెడల్పు రొమ్ము. ముడతల ముఖం.

మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చింది. మా దొడ్డిలో ఏ కుక్కా మాఘం దాటితే పదిగంటల తర్వాత నీడ వదలదు, పది అడుగులు వేస్తే గురక మొదలవుతుంది. ఇది గొర్రెల వెంట తిరిగి తిరిగి వచ్చి నోరు మూసుకుని, ముక్కుతో మామూలుగా ఊపిరి తీసుకుంటూ నా చీర అంచు వాసన చూసింది. మూతి రెండు వేళ్ళ మందం పొడుగు. అంతే తేడా. వెనకనుంచి మరొకటి వచ్చింది. మరొకటి. ఏడు.

తయారు చేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

భీమక్కకు అరవై దాటి ఉంటాయి. ఆ పల్లెలో ఎవరూ కట్టని నా చీర చూసి ఎవరో తెలుసుకుంది. ఆమె మొగుడు బసవన్న గొర్రెల దొడ్డిలోంచి వచ్చి కంబళి పరిచాడు. ఇద్దరూ ముందు ఆయన గురించే అడిగారు, చెయ్యి ఎట్లా ఉంది, అన్నం తింటున్నాడా, నడుస్తాడా. అన్నీ చెప్పాక నేను కుక్కల వైపు చూశాను. భీమక్క మజ్జిగ చెంబు నా చేతికిచ్చి కింద కూర్చుంది.

"నీకు చెప్పొద్దని మాతాన ఒట్టేయించుకున్న్యాడమ్మా అన్న. అందుకే ఫోను పెట్టేస్తి. ఇంట్లో సదువు చెప్పే అమ్మ ఉండాది, ఆమె చెప్పిందే నిజమాయ, ఆమెను తిట్టి లేస్తినే, ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని చెప్పేదని నగుతాండె" అంది.

బసవన్న లోపలినుంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో ఆయన నోటుబుక్కు. తొమ్మిదేళ్ళ కిందటి తేదీతో మొదలు. గంగి అమ్మమ్మను ఇక్కడికి తెచ్చి బసవన్న గొర్రెలకుక్కతో జత కట్టించాడు. పిల్లలు ఆరు, ఆరూ బతికినాయి. ఆ ఆరింటిలో మా రూపం ఎక్కువగా వచ్చిన ఆడదాన్ని మళ్ళీ మా మగదానితో. ఇంటి దొడ్డిలో మాత్రం ఒట్టు ప్రకారమే నడిపినట్టున్నాడు. ఏ పిల్ల ఏ నెలలో ఎంత బరువు, ఏది ఎండకు ఆగింది, ఏది ఆగలేదు, ఎవరి అంగిలి ఎట్లా ఉంది. నా విద్యార్థులెవరూ ఇంత శ్రద్ధగా రికార్డు రాయలేదు. మొదటి పేజీలో తేదీ కింద ఒక వాక్యం ఉంది. "ల.ప్రి. చెప్పినట్టే చేస్తున్నాను."

చివరి పేజీ జనవరి 18, జబ్బు పడటానికి వారం ముందు. "ఫిబ్రవరిలో గంగి ఎదకు వస్తుంది. మల్లును జత చేయాలి. ఇంటికి తెచ్చేముందు ల.ప్రి.కి చెప్పాలి. ఎట్లా చెప్పాలో."

నాకు నవ్వొచ్చింది. ఎంతకీ ఆగలేదు. నీళ్ళు తాగమ్మా అని భీమక్క భయపడింది. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మొగుడు పెళ్ళానికి తెలియకుండా తొమ్మిదేళ్ళు వేరే ఊరు తిరిగింది, ఆమె మాట విన్నానని ఆమెకు తెలియకూడదని. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, మొదట నన్ను పలకరించిన ఆ కుక్క పేరేమిటని అడిగాను.

అదే మల్లు.

భూపేష్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. అంతా విని, "బొలెరో పంపిస్తాండా" అన్నాడు.

ఫిబ్రవరి 27

బసవన్న మల్లును తీసుకుని నాతోపాటు వచ్చాడు. మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. మల్లును ముందు ఆయన గదిలోకే తీసుకెళ్ళాం. అది మంచం మీదికి ముందుకాళ్ళు వేసి, పనిచేయని కుడిచేతిని నాకింది. ఆయన ఎడమచేత్తో దాని చెవులు పట్టుకుని నా వైపు చూడకుండా ఉండటానికి చాలా తంటాలు పడ్డాడు.

నోటుబుక్కు చదివాను అన్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, పిల్లలు దాక్కున్నప్పుడు మూసుకున్నట్టు.

ఒట్టు సంగతి కూడా అక్కడే మాట్లాడేశాను. మీ తాత ఆ దొర కుక్కను గొర్రెలకాపరి కుక్కతోనే కదా కలిపింది, ఈ జాతి పుట్టిందే అట్లా, మల్లు వల్ల స్వామికి వచ్చిన కోపమేమీ ఉండదు, ఉంటే నామీద వేసుకుంటాను అన్నాను. కళ్ళు తెరిచాడు. ఎడమచెయ్యి చాపాడు. ఈసారి విదిలించుకోలేదు.

ఫిబ్రవరి 28

గంగి, మల్లు జత కట్టాయి. క్రిస్టినా పక్కనే ఉండి చూసుకుంది. అరవైమూడు రోజులు లెక్కవేసి మే 2 అని చెప్పింది.

మార్చి 9

ఈరోజు ఫిజియోథెరపీకి వచ్చినతను కర్ర పట్టించి నాలుగడుగులు వేయించాడు. ఆయన దొడ్డి వైపే నడిచాడు.

మార్చి 30

కాలేజీలో మళ్ళీ చేరాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒక పిల్ల అనువంశికత గురించి మూడు పేజీలు రాసింది, అంతా తప్పే, కానీ ఎంత నమ్మకంగా రాసిందో. మార్కులు వేశాను.

మాటలు వస్తున్నాయి. నీళ్ళు, వద్దు, గంగి, ఏసేపు. నా పేరు ఇంకా రాలేదు. రాకపోయినా నాకేమీ అనిపించడం లేదు.

ఏప్రిల్ 6

అనిపిస్తోంది. కొంచెం.

ఏప్రిల్ 18

కడపకు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం. ఆరు వెన్నెముకలు, దారానికి గుచ్చిన పూసల్లా. తలలు మరీ పెద్దవిగా లేవు, మామూలుగానే ఈనొచ్చేమో అని క్రిస్టినా అంది. గంగి పోయిన కాన్పు ఆపరేషనే. ఆశ పెట్టుకోవద్దని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికొచ్చి ఆయనకు ఆరు వేళ్ళు చూపించాను. మళ్ళీ చూపించమన్నాడు.

హాల్లో కూలరు మరీ చప్పుడు చేస్తోందని దొడ్డికి మార్పించాను.

ఏప్రిల్ 27

గంగి బతికింది. ముందు ఆ మాట రాస్తే గాని మిగతాది రాయలేను.

నలభై నాలుగు డిగ్రీలు. పదకొండుకు కరెంటు పోయింది. పన్నెండున్నరకు ఏసేపు కేక వేశాడు. గంగి పక్కకు పడిపోయి ఉంది, నాలుక ముదురు ఎరుపు, నోట్లోంచి చొంగ, డొక్కలు కొలిమితిత్తిలా ఎగిసిపడుతున్నాయి. క్రిస్టినా ముద్దనూరు అవతల ఎక్కడో పశువుల క్యాంపులో ఉంది, రావడానికి గంట పడుతుందంది. ఫ్రిజ్‌లో ఐసు తెచ్చి తలమీద పెట్టబోయాను.

"వద్దు."

ఆయన. కర్ర పట్టుకుని, గోడకు ఆనుకుంటూ, ఇంట్లోంచి దొడ్డిదాకా ఒక్కడే వచ్చాడు. ఎట్లా వచ్చాడో ఎవరూ చూడలేదు. ఎడమచేత్తో నేలమీద బక్కెట్టు చూపించాడు, తర్వాత గంగి పొట్ట, తర్వాత పాదాలు. మామూలు నీళ్ళు. పొట్టమీద, తొడల సందుల్లో, అరికాళ్ళకు. తలకు కాదు. ఏసేపు నీళ్ళు పోస్తుంటే నేను అట్టముక్కతో విసిరాను. ఆయన నేలమీద కూర్చుని దాని నాలుకనే చూస్తూ ఉన్నాడు. ఎంతసేపో తెలియదు. నాలుక రంగు మారింది. ఊపిరి నెమ్మదించింది. గంగి తల ఎత్తి ఆయన మోకాలి మీద పెట్టింది.

క్రిస్టినా వచ్చి పొట్టమీద స్టెతస్కోపు ఆనించి ఒక్కొక్కటే విన్నది. ఆరూ ఉన్నాయేమో చెప్పలేను, కానీ చాలా ఉన్నాయి అంది. మీరు చేసింది సరైన పని, ఐసు పెట్టి ఉంటే ప్రమాదమయ్యేది అంది. నేను కాదు, ఆయన అన్నాను.

భూపేష్ సాయంత్రానికల్లా జనరేటరు తెచ్చి దొడ్డిలో పెట్టించాడు. ఫ్యాక్టరీది. రేపు పని ఆగుతుంది కదా అంటే, ఆగనీలే అన్నాడు.

ఏప్రిల్ 28

ఆయనకు ఒళ్ళంతా నొప్పులు. ఫిజియోథెరపీ అతను విని, ఆ దూరం నడిచాడంటే నమ్మలేదు.

మే 1

గంగి పాలు కూడా ముట్టలేదు. మూలన గోనెపట్టా గీరుతోంది. ఒంటి వేడి తగ్గింది. రేపే అన్నారు. భీమక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

మే 2

పొద్దున ఆరింటికే నొప్పులు మొదలయ్యాయి. క్రిస్టినా ఆపరేషన్‌కు కావాల్సినవన్నీ కారులో పెట్టుకుని ఏడింటికి వచ్చి కూర్చుంది. అవసరం రాలేదు. ఎనిమిదీ పదికి మొదటి పిల్ల తనంతట తానే వచ్చింది.

వచ్చింది గాని కదల్లేదు. గంగి పొర చించి నాకింది, అయినా కదల్లేదు. ఏసేపు దాన్ని తువ్వాల్లో తీసుకుని వీపు రుద్దాడు, క్రిస్టినా ముక్కులో నీరు లాగింది, మళ్ళీ రుద్దారు. నేను ఆయన కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. ఆయన భుజం నా చేతికింద బిగుసుకుపోయి ఉంది. అప్పుడు ఒక సన్నటి చప్పుడు, తలుపు కిర్రుమన్నట్టు. ఏసేపు నవ్వాడు. ఇన్నేళ్ళలో ఏసేపు పళ్ళు నేను చూడటం ఇదే మొదలు.

పదకొండున్నరకల్లా ఆరు. నాలుగోది చనిపోయే పుట్టింది, వడదెబ్బ రోజే పోయి ఉంటుందని క్రిస్టినా అంది. మిగిలిన ఐదూ చేతుల్లో చురుగ్గా మెదులుతున్నాయి. మూడు ఆడవి, రెండు మగవి.

నోళ్ళు చూడాలి. ఆ పని నేనే చేస్తానన్నాను. రెండేళ్ళ కిందట చేయాల్సింది. టార్చి పట్టుకుని ఒక్కొక్కదాని నోరు చిటికెన వేలితో తెరిచాను. మొదటిది, అంగిలి మొత్తం ఉంది. రెండోది. మూడోది చూసేటప్పుడు టార్చి జారిపోయింది, ఏసేపు పట్టుకున్నాడు. నాలుగు. ఐదు. ఎక్కడా చీలిక లేదు. పాలకు పెట్టాం. ఐదూ తాగాయి. ముక్కుల్లోంచి ఒక్క చుక్క రాలేదు. పావుగంట కూర్చుని చూశాను, రాలేదు.

ఆయనకు చెబుదామని తిరిగాను. చెప్పక్కర్లేకపోయింది. అంతసేపూ ఆయన ముక్కుల్నే చూస్తున్నాడు.

మే 3

చనిపోయిన దాన్ని ఏసేపు వేపచెట్టు కింద పూడ్చాడు. ఆయన కర్ర మీద నిలబడి ఉన్నాడు. నేనూ వెళ్ళాను.

తర్వాత ఇద్దరం ఇంటికొచ్చి అన్నం తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైంది. ఆయన ముఖం చిట్లించాడు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మే 6

పాత రిజిస్టరు, తాత మొదలుపెట్టినది, బీరువాలోంచి తీయించాడు. కొత్త పిల్లల పేజీలో తండ్రి గడిలో ఏం రాయాలని అడిగాను. పెన్ను అందుకున్నాడు. ఎడమచేత్తో, వంకరటింకరగా, పావుగంట పట్టింది. "మల్లు. బసవన్న కుక్క." ఎవరు చూసినా చదువుకోవచ్చు.

మే 19

కళ్ళు తెరిచాయి. బంధువులొకరు చూడటానికి వచ్చి, మూతి పొడుగైందే, కల్తీ అయినట్టుందే అన్నారు. నేను కాఫీ గ్లాసు అందిస్తుంటే, ఆయన "అవును" అన్నాడు. అంత స్పష్టంగా ఇంతవరకు ఏ మాటా రాలేదు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

జూన్ 2

భీమక్క, బసవన్న వచ్చారు. వాళ్ళ వంతు పిల్ల ఏదో ముందే ఎంచుకోమన్నాం. భీమక్క ఐదింటినీ ఒళ్ళో వేసుకుని, ఏదీ వద్దు, ఇంకో నెల తల్లికాడే ఉండనీ అంది. జొన్నరొట్టెలు తెచ్చింది. అవే, పల్చగా చేత్తో తట్టినవి. నేను మూడు తిన్నాను.

జూన్ 14

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి మూడింటికి వాన దిగింది. ఈ ఏడు మొదటి వాన. పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నాయి. వాటికి వానంటే తెలియదు. మొదటి చినుకు ముక్కుమీద పడగానే ఒకటి వెనక్కి గెంతి కూర్చుని, ఎవరు కొట్టారన్నట్టు చూసింది. మిగతావి నేలను కొరకడం మొదలుపెట్టాయి. అంత పరుగెత్తినా ఒక్కదానికీ గురక లేదు. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. మట్టివాసన, బండలమీద ఆవిరి.

వరండాలో కుర్చీలోంచి ఆయన గొంతు వినిపించింది.

"పిల్లలు తడుస్తాంటే చూస్తా నిల్చుకున్న్యావేమి?"

పూర్తి వాక్యం. కర్త, కర్మ, క్రియ, కోపం, అన్నీ ఉన్నాయి. జనవరి తర్వాత మొదటిది.

నేను కదల్లేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. వానలో అట్లాగే నిలబడ్డాను, ఇంకొకటి అంటాడేమోనని.